గడ్డి మార్చాలా, మట్టి మార్చాలా: మా ఫుట్‌బాల్ గ్రౌండ్ డైరీ

మార్చి

క్లబ్ జనరల్ బాడీ మీటింగ్ ఈసారి మొత్తం ఒక్క విషయం మీదే నడిచింది: ఉన్న గడ్డి తీసేసి గ్రౌండ్ అంతా ఆర్టిఫిషియల్ టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి కార్పెట్) వేయించాలా, వద్దా. సికింద్రాబాద్‌లో బొల్లారం వైపు ఉంటుంది మా గ్రౌండ్. వానలు మొదలైతే రెండు గోల్‌పోస్టుల ముందూ మడుగులు, దసరా దాటేసరికి మధ్యలో గడ్డి లేచిపోయి దుమ్ము, వేసవికి పడితే మోకాళ్లు గీరుకుపోయే గట్టి నేల. పోయిన వానాకాలం మా గ్రౌండ్‌లో జరగాల్సిన మ్యాచ్‌లు చాలావరకు వేరేచోట ఆడాల్సి వచ్చింది, ప్రాక్టీసులు ఆగిపోయాయి, పెద్ద పిల్లలు కొందరు అద్దె టర్ఫ్‌ల వైపు వెళ్లిపోయారు. హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ కాలనీకి పోయినా చుట్టూ వల కట్టి లైట్లు పెట్టిన టర్ఫ్ ఒకటి ఉంటోంది, గంటకింత అని కట్టేస్తే వాన పడ్డా ఆడుకోవచ్చు, వెళ్లినవాళ్లను తప్పు పట్టలేం.

కమిటీలో ఎక్కువమంది టర్ఫ్ వైపే ఉన్నారు. అందరికంటే పెద్దాయన మాత్రం లేచి, మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పు గెలిచింది, కోచ్ రహీం సాబ్ నడిపిన భారత జట్టు 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది, వాళ్లెవరూ ప్లాస్టిక్ మీద ఆట నేర్చుకోలేదు అన్నారు. ఆ జట్ల కథలు విన్నప్పుడల్లా నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ రహీం సాబ్ కాలంలో ఒకే గ్రౌండ్ మీద పొద్దున సమ్మర్ క్యాంపు, సాయంత్రం నాలుగు వయసుల పిల్లల కోచింగు, ఆదివారం ఆఫీసుల టోర్నమెంటు జరగలేదు కదా. కాబట్టి దీన్ని అభిమానంతో తేల్చలేం, కొలిచి తేల్చాలి అన్నాను. నేను రోడ్ల పనులు చూసే సివిల్ ఇంజినీర్ని, మా అబ్బాయి అండర్-14లో ఆడతాడు, అందుకని ఆ కొలిచే పని నాకే అప్పజెప్పారు. ఏం చేశామో, ఏం తేలిందో ఇక్కడ రాసుకుంటూ పోతాను, ఇంకో క్లబ్బుకు ఇదే ప్రశ్న వచ్చినప్పుడు పనికొస్తుంది.

మార్చి చివర

మొదటి పని, అసలు ఈ గ్రౌండ్ మీద వారానికి ఎన్ని గంటల ఆట పడుతోందో తెలుసుకోవడం. గేటు దగ్గర ఒక నోటు పుస్తకం దారంతో కట్టి, ఎవరు లోపలికి దిగినా టైము రాయమన్నాం, గ్రౌండ్‌లో ఏ భాగం వాడారో కూడా. మా మాలి దాన్ని చాలా శ్రద్ధగా నింపించాడు.

వారానికి ముప్పై అయిదు గంటల దాకా తేలింది. ఇది చాలా ఎక్కువ. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఆర్టిఫిషియల్ టర్ఫ్‌కు రెండు రకాల ధ్రువీకరణ ఇస్తుంది, అందులో పెద్ద మ్యాచ్‌ల కోసం ఉన్న క్వాలిటీ ప్రో వారానికి 20 గంటల వాడకం లెక్కలో ఉంటే, మామూలు క్లబ్బులకు పనికొచ్చే ఫిఫా క్వాలిటీ 40 నుంచి 60 గంటలు తట్టుకునేలా ఉంటుంది. మా నేల మీద గడ్డి అంత భారం మోయలేదు. ఇంతవరకు చూస్తే టర్ఫ్ కావాలన్నవాళ్ల వాదనే నిలబడింది.

కానీ ఆ పుస్తకంలోనే ఇంకో సంగతి ఉంది. ముప్పై అయిదు గంటల్లో ఎక్కువ భాగం గేటు వైపు సగంలోనే. కుళాయి అక్కడే, వేపచెట్ల నీడ అక్కడే, తల్లిదండ్రులు కూర్చునే బెంచీలు అక్కడే. గోల్‌కీపర్ ప్రాక్టీసు ప్రతిరోజూ అదే గోల్‌పోస్టు ముందు. అవతలి సగం వారంలో సగం రోజులు ఖాళీ. అంటే గ్రౌండ్ మొత్తం అరిగిపోవట్లేదు, మనం దాన్ని ఒకవైపే అరగదీస్తున్నాం.

ఏప్రిల్

అద్దె టర్ఫ్ ఒకటి గంటన్నర బుక్ చేసి కోచ్ సార్‌ను, ఇద్దరు పిల్లల్ని తీసుకుని మధ్యాహ్నం రెండింటికి వెళ్లాం. ఆ టైములో ఎవరూ ఆడరు, ఎందుకు ఆడరో చూడ్డానికే ఆ టైము. సైటులో తారు వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు నా దగ్గర ఉంది. నీడలో గాలి వేడి 40కి అటూ ఇటూ. ఎండ పడుతున్న టర్ఫ్ మీద 60 దాటింది, నల్ల రబ్బరు గుళ్లు ఎక్కువగా పేరుకున్న మూలల్లో ఇంకా ఎక్కువ. అరచేయి ఆనించి ఉంచలేకపోయాను. అరగంట తర్వాత మా గ్రౌండ్‌కి వచ్చి టచ్‌లైన్ (గ్రౌండ్ పక్క గీత) అవతల పచ్చగా ఉన్న గరిక మీద పెడితే 40 లోపే చూపించింది, అదే గ్రౌండ్‌లో గడ్డి లేని మట్టి మీద 50 పైన. గడ్డి వేళ్లతో నీళ్లు లాగి ఆకుల గుండా ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరే దాన్ని చల్లగా ఉంచుతుంది. ప్లాస్టిక్ పోచ ఆ పని చేయలేదు, దాని కింద ఉన్న నల్ల రబ్బరు ఎండను మింగి దాచుకుంటుంది. సింథటిక్ మైదానాలు ఎండలో 60 డిగ్రీలు దాటడం చాలా దేశాల్లో కొలిచి చూసిన విషయమే, మేము కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, కాకపోతే కమిటీలో చెప్పాలంటే మన ఊరి ఎండలో తీసిన రీడింగ్ కావాలి.

నీళ్లు చల్లితే చల్లబడుతుందిగా అని టర్ఫ్ నడిపే కుర్రాడే పైపు పట్టి చూపించాడు. నిజమే, వెంటనే బాగా తగ్గింది. మేం బయల్దేరే వేళకు మళ్లీ పాకింది. "అన్నా, సమ్మర్ క్యాంపుల పిల్లల్ని దీని మీద పొద్దున ఎనిమిది దాటితే ఉరికియ్యలేం," అన్నారు కోచ్ సార్. మా క్లబ్బుకు ఏడాదిలో ఎక్కువమంది పిల్లలు చేరేది ఏప్రిల్, మే నెలల్లోనే. ఆ మాట నేను ప్రత్యేకంగా రాసుకున్నాను.

తర్వాత బంతి పరీక్ష. ఫిఫా పద్ధతిలో బంతిని 2 మీటర్ల ఎత్తు నుంచి వదులుతారు, అది తిరిగి 60 సెంటీమీటర్ల నుంచి మీటరు లోపు లేవాలి. మా దగ్గర ల్యాబు లేదు, వల కట్టిన ఇనుప స్తంభానికి టేపు వేలాడదీసి, ఒక పిల్లాడు నిచ్చెన ఎక్కి బంతి వదిలితే ఇంకోడు ఫోన్లో స్లోమోషన్ తీశాడు. అక్కడ బంతి మీటరు దాటి లేచింది. ఒక మూల కార్పెట్ అంచు లేచి ఉంటే ఎత్తి చూశాం: కింద దెబ్బ తగలకుండా వేసే మెత్తటి పొర, షాక్ ప్యాడ్ లేదు, డస్టు పోసి రోలర్ తిప్పి దాని మీద నేరుగా కార్పెట్ పరిచేశారు. గంట అద్దెకు సరదాగా ఆడేవాళ్లకు అది చాలేమో, వారానికి ఐదు రోజులు దూకే పదమూడేళ్ల పిల్లల మోకాళ్లకు చాలదు. నేనిక్కడ టర్ఫ్ అంటేనే చెడ్డదని అనట్లేదు. షాక్ ప్యాడ్ వేసి, పోచల మధ్య పోసే ఇన్‌ఫిల్ (రబ్బరు గుళ్లలాంటివి) లెక్క ప్రకారం నింపి, ప్రతివారం బ్రష్ కొట్టి నడిపే టర్ఫ్ వేరు. కానీ కమిటీలో చాలామంది మనసులో ఉన్న టర్ఫ్, వాళ్లు చూసిన ఈ అద్దె టర్ఫే.

ఏప్రిల్ చివర

అసలు సంగతి ఈ వారంలో బయటపడింది.

చాలా రోజులుగా నాకు ఒకటి అర్థం కాలేదు. టచ్‌లైన్ అవతల, ఎవరూ నీళ్లు పెట్టని చోట గరిక దట్టంగా ఉంది, లోపల రోజూ నీళ్లు పెడుతున్నచోట లేదు. అక్కడ ఎవరూ ఆడరు కాబట్టి అని అందరూ అంటారు. అది కొంతవరకే కారణం, ఎందుకంటే అవతలి సగంలో ఆట తక్కువ, అక్కడా గడ్డి పల్చగానే ఉంది. సరే, తవ్వి చూద్దామని మాలి, నేను గునపం తీసుకుని గోల్‌పోస్టు ముందు అడుగున్నర లోతు గుంట తీశాం.

పైన రెండు వేళ్ల మందం మెత్తటి దుమ్ము. దాని కింద జానెడు కంటే కొంచెం తక్కువ మందంలో బూడిదరంగు మట్టి, గునపం దెబ్బకు పెళ్లలు పెళ్లలుగా లేచింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు వాసన. గడ్డి వేళ్లు ఆ పొర దాకా వచ్చి అక్కడే అడ్డంగా తిరిగిపోయాయి, ఒక్కటీ లోపలికి దిగలేదు. ఆ పొర దాటగానే మా ప్రాంతంలో ఎక్కడైనా దొరికే ఎర్ర మొరం, పొడిగా, గరగరలాడుతూ. పైన అంత నీళ్లు పోస్తుంటే కింద మొరం ఎండిపోయి ఉంది!

మాలి ఆ పెళ్ల చేతిలోకి తీసుకుని చూసి చెప్పాడు. "సార్, ఇది చెరువు మట్టి. ప్రతి ఎండకాలం ట్రాక్టర్లతోటి తెచ్చి పోయిస్తుండిరి, గడ్డి మంచిగ వస్తదని. అది పోసినంక నీళ్లు దిగుడు బందైంది. అంతకుముందట ఎంత వాన వడ్డా గంటల ఆరిపోతుండె." ఇన్నేళ్లుగా ఆయన్ని ఎవరూ అడగలేదు.

పూడిక మట్టి పొలానికి చాలా మంచిది, అందుకే 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల నుంచి తీసిన మట్టిని రైతులు పోటీపడి తోలుకున్నారు. అందులో బంకమన్ను, ఒండ్రు ఎక్కువ, నీటిని పట్టి ఉంచుతుంది. పొలంలో పైరుకు అదే కావాలి. బూట్లేసుకుని ఇరవై ఇద్దరు తొక్కే చోట మాత్రం ఆ సన్నటి రేణువులన్నీ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, గాలీ నీరూ పోయే సందు లేకుండా మూసుకుపోతాయి. ఏటా ఒక పొర, దాని మీద రోలరు. గడ్డి బాగుపడాలని చేసిన పనే గడ్డిని చంపింది.

ఇది నా అనుమానంగా మిగలకూడదని రెండు పరీక్షలు చేశాం, ఎవరైనా చేసుకోవచ్చు. ఒకటి, గాజు సీసాలో సగం దాకా మట్టి, నిండా నీళ్లు, రెండు చుక్కలు గిన్నెలు కడిగే సబ్బు వేసి గట్టిగా ఊపి కిటికీలో పెట్టడం. ఇసుక నిమిషంలోనే అడుగుకు చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో, బంకమన్ను మర్నాటికి కూడా నీళ్లలో తేలుతూనే ఉంటుంది. టచ్‌లైన్ అవతలి మట్టి సీసాలో మూడొంతులకు పైగా ఇసుకే, పైన నీళ్లు త్వరగానే తేటపడ్డాయి. గోల్‌పోస్టు ముందు మట్టి సీసా మర్నాడు కూడా టీ రంగులోనే ఉంది. రెండు సీసాలనూ మూతలు బిగించి మీటింగ్‌కి తీసుకెళ్లడానికి దాచాను.

రెండోది, ఆరంగుళాల పీవీసీ పైపు అడుగు ముక్క కోసి, సుత్తితో నేలలోకి సగం దిగ్గొట్టి, నీళ్లు పోసి, పెన్నుతో గీత పెట్టి ఎంతసేపట్లో ఎంత దిగుతుందో చూడటం. టచ్‌లైన్ బయట చూస్తుండగానే నీళ్లు దిగిపోయాయి, మళ్లీ పోయాల్సి వచ్చింది. గోల్‌పోస్టు ముందు పొద్దున పోసిన నీళ్లు సాయంత్రం పిల్లల ప్రాక్టీసు అయ్యేసరికి కూడా గీత కింద వేలి మందం దిగలేదు.

మా గ్రౌండ్ 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు, అంటే 6,400 చదరపు మీటర్లు. దాని మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 3 లక్షల 20 వేల లీటర్ల నీళ్లు. వేసవిలో గడ్డికి రోజుకు 5 మిల్లీమీటర్లు తడి ఇవ్వాలన్నా 32 వేల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు దాటతాయి. వానాకాలం నీళ్లు కిందికి పోవు, వేసవిలో డబ్బు పెట్టి కొన్న నీళ్లూ వేళ్లకు అందవు, పైపైనే ఆవిరైపోతాయి. రెండు కష్టాలకూ మూలం ఆ జానెడు పొరే.

మే

కొటేషన్లు వచ్చాయి. పూర్తి సైజు టర్ఫ్ అంటే కోట్లలో మాట. మా ఫీజులు, చందాలు, హోర్డింగుల డబ్బు కలిపినా ఏ బ్యాంకూ అప్పిచ్చే పరిస్థితి కాదు, ఎవరైనా స్పాన్సర్ దొరకాలి. దొరికాడనే అనుకుందాం. ఆ కార్పెట్ ఆయుష్షు ఎనిమిది నుంచి పదేళ్లు. అప్పుడు మళ్లీ కొత్త కార్పెట్ ఎవరు కొంటారు? మొదటిసారి ఇచ్చే దాతకు ప్రారంభోత్సవం ఉంటుంది, రెండోసారి ఇచ్చే దాతకు ఏముంటుంది? ఏటా కొంత పక్కన పెడితే తప్ప పదో ఏట గడ్డీ లేక టర్ఫూ లేక మిగిలిపోతాం. ఏ కంపెనీ కొటేషన్లోనూ ఈ లెక్క లేదు.

ఇంకోటి, పాత కార్పెట్ ఎక్కడికి పోతుంది? పూర్తి గ్రౌండ్‌లో నింపే టైర్ల రబ్బరు గుళ్లే వంద టన్నుల దాకా ఉండొచ్చు. వానకు కొట్టుకుపోయి నాలాలో చేరేది కొంత, పిల్లల సాక్సుల్లో ఇంటికి వచ్చేది కొంత. యూరోపియన్ యూనియన్ 2023లో సూక్ష్మ ప్లాస్టిక్‌ల మీద తెచ్చిన నిబంధనలో ఈ ఇన్‌ఫిల్ కూడా ఉంది, ఎనిమిదేళ్ల గడువిచ్చి 2031 నుంచి అమ్మకం ఆపేస్తున్నారు. మనదేశంలో అలాంటి నియమం లేదు కదా అని ఒకరు అన్నారు. అక్కడ ఆపేసే సరుకు ఇక్కడ మన పిల్లల కింద పరచాలా అని నేను అడిగాను, నాకు కోపం వచ్చింది నిజంగానే.

అలాగని ప్లాస్టిక్ ఎక్కడా పనికిరాదనలేం. 2016-17లో జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచిన మిజోరం జట్టు ఐజాల్‌ది సొంత స్టేడియం సింథటిక్‌దే. కొండల మీద చదును నేల దొరకదు, వాన ఎక్కువ, ఉన్న ఒకటి రెండు గ్రౌండ్ల మీదే ఊరంతా ఆడాలి, అక్కడ అది సరైన నిర్ణయం. నార్వేలో ఆర్కిటిక్ వలయానికి పైన ఉన్న బోడో గ్లిమ్ట్ జట్టు కూడా ఆర్టిఫిషియల్ మీదే ఆడుతుంది, 2021లో ఇటలీ జట్టు రోమాను 6-1తో ఓడించింది దాని మీదే. మంచు కురిసే చోట, చలికాలం ఎండ కనపడని చోట గడ్డి పెరగదు. గడ్డి పెరిగే చోట మాత్రం చాలామంది వెనక్కి వస్తున్నారు. లండన్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ 1981లోనే ప్లాస్టిక్ వేసి 1988లో తీసేసింది, అప్పటి కార్పెట్ ఇప్పటిదానికంటే చాలా మోటు రకం అనుకోండి. నెదర్లాండ్స్ పెద్ద లీగ్ 2025-26 సీజన్ నుంచి వద్దనుకుంది. మన కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో సింథటిక్ తీసేసి బెర్ముడా గడ్డి పెంచాకే 2017 అండర్-17 ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. బెర్ముడా అంటే మన గరిక జాతే, పిల్లల ఆటకు ప్రపంచ కప్ స్థాయి గడ్డి మన టచ్‌లైన్ బయట ఉచితంగా పెరుగుతోంది. ఎండ, వేడి దానికి ఇష్టం. మన దగ్గర గడ్డి పెరగకపోవడానికి వాతావరణం సాకు కాదు.

మీటింగ్‌లో రెండు సీసాలూ బల్ల మీద పెట్టాను. గంట వాదన తర్వాత తేలింది: పెద్ద గ్రౌండ్ గడ్డిగానే ఉంటుంది, ముందు చెరువు మట్టి తీయాలి, డ్రైన్లు వేయాలి. గంటల భారం తగ్గించడానికి పార్కింగ్ పక్కన ఖాళీ స్థలంలో 40 మీటర్లు, 20 మీటర్ల చిన్న టర్ఫ్ సంగతి తర్వాత చూడాలి. పెద్ద గ్రౌండ్ పనికి అయ్యే ఖర్చు పూర్తి టర్ఫ్ కొటేషన్లో పదో వంతు కూడా లేదు. టర్ఫ్ కావాలన్న సెక్రటరీ గారే ఈ తీర్మానం ప్రతిపాదించారు, అది నాకు చాలా సంతోషంగా అనిపించింది.

మే చివర, జూన్

జేసీబీ బకెట్‌తో పైపొర గీకించాం, రెండు పెనాల్టీ ఏరియాలు, మధ్య పట్టీ. మొత్తం తీయాలని ఉంది, డబ్బు అంతే. తీసిన మట్టిని శామీర్‌పేట వైపు కూరగాయలు పండించేవాళ్లు ట్రాక్టర్లతో తీసుకుపోయారు, అది ఉండాల్సిన చోటికే పోయింది. బండి బరువుకు కింద మొరం గట్టిపడుతుంది కాబట్టి గీకిన ప్రతిచోటా తర్వాత కల్టివేటర్ దున్నించాం.

డ్రైన్లు ఆరు మీటర్లకొకటి. అడుగున్నర లోతుతో మధ్యలో మొదలై రెండు పక్కలకూ 200కి 1 వాలు, కింద 20 ఎంఎం కంకర, అందులో నాలుగంగుళాల చిల్లుల పైపు, మళ్లీ కంకర, పైన ఇసుక. లెవల్ మెషిన్ నాదే కాబట్టి వాలు దగ్గర ఉండి చూసుకున్నాను, ఒకచోట పైపు వెనక్కి వాలితే ఆ లైను మొత్తం తీయించి మళ్లీ వేయించాం. రెండు పక్కల గట్టర్ పైపులు వెళ్లి బోరు దగ్గర తవ్విన ఇంకుడు గుంతలో కలుస్తాయి. వాన నీళ్లు నాలాలోకి కాకుండా బోరులోకి పోవాలి, వేసవిలో ట్యాంకర్లు తగ్గాలి, అది లెక్క.

ఇసుక దగ్గర చాలా గొడవ పడాల్సి వచ్చింది. నది ఇసుక ధర మాకు అందదు. రాళ్లు పిండి చేసిన రోబో శాండ్ తక్కువకే వస్తుంది కానీ అందులో రాతిపొడి ఉంటుంది, ఆ పొడి గుంటల్లోకి దిగితే చెరువు మట్టి చేసిన పనే ఇదీ చేస్తుంది. కడిగి జల్లెడ పట్టిన సరుకే కావాలని ముందే చెప్పాం. లారీ వచ్చినప్పుడల్లా గుప్పెడు సీసాలో వేసి ఊపి చూసేవాడు మాలి, నీళ్లు తెల్లగా మారితే దించనివ్వలేదు. ఒక డ్రైవరు చాలాసేపు అరిచాడు, అయినా లారీ అలాగే వెనక్కి పోయింది.

జూలై

గరిక నాటాం. కొత్త రకాలు కావాలంటే కడియం నర్సరీల్లో దొరుకుతాయి, ఎవరో మెక్సికన్ గడ్డి కూడా అడిగారు. అది ఇంటి ముందు లాన్‌కు అందంగా ఉంటుంది, బూటు దెబ్బకు తెగితే మళ్లీ అల్లుకోవడం చాలా మెల్లగా. గరిక నేల పైనా నేల కిందా తీగలు పాకిస్తుంది, తెగిన ప్రతి కణుపూ మళ్లీ వేరు పోస్తుంది. అందుకని మా టచ్‌లైన్ బయటి గరికనే పారతో లేపి, తీగలు విడదీసి, జానెడు దూరంలో సాళ్లు తీసి పాతాం. పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఆదివారం వచ్చి కూర్చుని నాటారు. నాటిన వెంటనే తేలికపాటి రోలరు, తర్వాత వాన చూసుకుంది.

గేటు వైపు గోల్‌పోస్టు దగ్గర వేపకొమ్మల నీడ పొద్దున పది దాకా ఉంటుంది. గరికకు నీడ పడదు. చెట్లు కొట్టొద్దని ముందే అనుకున్నాం, కింది కొమ్మలు మాత్రం కత్తిరించాం.

ఆగస్టు

సాయంత్రం వాన బాగా దంచింది. నిలువు గోడల డబ్బా పెట్టి కొలిస్తే 40 మిల్లీమీటర్లు, అంటే గ్రౌండ్ మీద 2 లక్షల 56 వేల లీటర్లు. గొడుగేసుకుని వెళ్లి ఇంకుడు గుంత దగ్గర నిలబడ్డాను. మొదట ఏమీ లేదు. తర్వాత పైపు మూతి నుంచి సన్నగా బురద నీళ్లు, ఇంకాసేపటికి తేటగా, పైపు సగం నిండి పడటం మొదలైంది. వాన ఆగిన గంటకు గోల్‌పోస్టు ముందు నడిస్తే నేల మెత్తగా ఉంది గానీ బూటు చుట్టూ నీళ్లు చేరలేదు. మాలి కూడా వచ్చి అటూ ఇటూ తొక్కి చూశాడు, ఏమీ అనలేదు కానీ ముఖం వెలిగిపోయింది.

గేటు వైపు కార్నర్ దగ్గర మాత్రం మడుగు అలాగే ఉంది. అక్కడ మట్టి తీయలేదు, డ్రైను వేయలేదు. తీసినచోటికీ తీయనిచోటికీ తేడా పక్కపక్కనే కనపడుతోంది, కమిటీని మళ్లీ డబ్బు అడగడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

తుంగ లేచింది. పీకితే పై ఆకు వస్తుంది, గడ్డ కిందే ఉండిపోతుంది, చిన్న పారతో గడ్డతో సహా తీయాలి. మందు కొడదామన్నారు కానీ కొత్త గరిక ఇంకా లేతగా ఉంది, అందుకే మనుషులతోనే తీయిస్తున్నాం.

అక్టోబరు

గరిక అల్లుకుంది. మొదట ఎత్తుగా పెంచి మెల్లగా తగ్గించుకుంటూ ఇప్పుడు 30 మిల్లీమీటర్ల దగ్గర కోస్తున్నాం. ఇంతకాలం వాడిన మిషను ఆకును చీల్చేది, చివర్లు ఎండి గ్రౌండ్ అంతా పసుపు కొట్టేది. కత్తెరలా గడ్డి కోసే పాత రీల్ మోవర్ ఒకటి కొని బ్లేడు సాన పట్టించాం, తేడా మర్నాడే తెలిసింది. నెలకోసారి పలుగులతో రంధ్రాలు పొడిచి కడిగిన ఇసుక చల్లుతున్నాం. ఇక మీద చెరువు మట్టి గేటు లోపలికి రాకూడదని తీర్మానం రాసి బోర్డు మీద అంటించారు సెక్రటరీ గారు.

గంటల నియమం పెట్టాం, పెద్ద గ్రౌండ్ మీద వారానికి 18 గంటలు, అంతే. గోల్‌కీపర్ ప్రాక్టీసు పెద్ద గోల్‌పోస్టుల ముందు బంద్. చక్రాల గోల్‌పోస్టులు చేయించాం, రోజుకో చోట పెడతారు కోచ్ సార్. చిన్న పిల్లల బ్యాచులు పార్కింగ్ పక్కన మొరం మీద ఆడుతున్నారు. దీని మీద తల్లిదండ్రులకు కోపంగా ఉంది, ఫీజు కట్టి మొరం మీద ఆడించాలా అంటున్నారు, వాళ్ల మాటలో న్యాయం ఉంది. పడి మోచేతులు గీరుకుంటున్నారు పాపం. అందుకే చిన్న టర్ఫ్ త్వరగా తేలాలి.

దాని విస్తీర్ణం 800 చదరపు మీటర్లు, పెద్ద గ్రౌండ్‌లో ఎనిమిదో వంతు. ఖర్చూ ఆ లెక్కలోకి వస్తుంది, పదేళ్లకు కార్పెట్ మార్చడం కూడా మా వల్ల అయ్యే పనే. రాత్రి కొన్ని గంటలు అద్దెకిచ్చి ఆ డబ్బు విడి ఖాతాలో కార్పెట్ కోసమే వేయాలని తీర్మానించాం. వెనక అపార్ట్‌మెంట్ వాళ్లతో మాట్లాడి లైట్లు రాత్రి తొమ్మిదిన్నరకు ఆపేస్తామని ఒప్పుకున్నాం. పగటి వేడి కోసం రబ్బరుకు బదులు కొబ్బరి పీచు, కార్క్ కలిపిన ఇన్‌ఫిల్ అడుగుతున్నాం, ఏప్రిల్ వస్తే మళ్లీ అదే థర్మామీటరుతో చూస్తాను.

కంపెనీలను రాతలో మూడు అడిగాం: షాక్ ప్యాడ్ మందం ఎంత, చదరపు మీటరుకు ఏ ఇన్‌ఫిల్ ఎన్ని కిలోలు, ఆయుష్షు తీరాక పాత కార్పెట్ ఎవరు తీసుకెళ్తారు. మొదటి రెండింటికీ జవాబులు వచ్చాయి. మూడోదానికి ఎవరి నుంచీ రాలేదు, అది రాకుండా సంతకం చేయకూడదని కమిటీకి చెప్పాను. కార్నర్ దగ్గర డ్రైన్ పని నవంబరులో మొదలవుతుంది, దాని లెవల్స్ ఈ ఆదివారం తీస్తున్నాం.